అత్యవసర విభాగంలో నర్సు నిర్ణయానికి అండ ఏది?

అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని మొట్టమొదట పరిశీలించేది చాలా సందర్భాల్లో డాక్టరు కాదు, నర్సు. ఎవరిని తక్షణం లోపలికి తీసుకెళ్లాలి, ఎవరు కాసేపు ఆగినా ప్రమాదం లేదు అన్నది కొద్ది నిమిషాల్లో తేల్చాల్సిన బాధ్యత ట్రయాజ్ బల్ల దగ్గరున్న నర్సుదే. 1990లలో ఇంగ్లండ్‌లో రూపొందిన మాంచెస్టర్ ట్రయాజ్ విధానంలో ఎరుపు రంగు కేటాయించిన రోగికి క్షణం కూడా ఆలస్యం కాకూడదు. నారింజ రంగు రోగికి 10 నిమిషాల్లో, పసుపు రంగు రోగికి 60 నిమిషాల్లో వైద్యం మొదలుకావాలి. నారింజకు బదులు పసుపు పడితే రోగి మరో 50 నిమిషాలు వేచి ఉండాల్సి రావచ్చు. ఇంత బరువైన నిర్ణయాన్ని నర్సు చేతిలో పెట్టిన వ్యవస్థే, విరిగిన చేతిని పట్టుకుని విలవిల్లాడుతున్న మనిషికి మామూలు నొప్పి మాత్ర ఇవ్వాలన్నా అదే నర్సును డాక్టరు సంతకం కోసం నిలబెడుతోంది.

ఈ వైరుధ్యం పోవాలంటే వృత్తిపరమైన స్వతంత్రతను నర్సుల వ్యక్తిగత ధైర్యానికి సంబంధించిన విషయంగా చూడటం మానాలి. ‘చొరవ చూపండి, నోరు విప్పండి’ అని శిక్షణ తరగతుల్లో బోధించి, వార్డులో మాత్రం చొరవ చూపిన వారినే సంజాయిషీ అడిగే చోట ఏ బోధనా నిలవదు. స్వతంత్రత అనేది ఆస్పత్రి యాజమాన్యం రాతపూర్వకంగా ఇవ్వాల్సిన అధికారం. ఇచ్చాక ఆ నర్సు వెనక నిలబడాల్సిన బాధ్యత కూడా యాజమాన్యానిదే.

మెడకు దెబ్బ తగిలిన రోగి సంగతే తీసుకుందాం. వాహన ప్రమాదం తర్వాత గట్టి కాలర్ బిగించి, వెల్లకిలా పడుకోబెట్టి తీసుకొచ్చిన మనిషి, డాక్టరు వచ్చి చూసేదాకా పైకప్పు వైపు చూస్తూ గంటల తరబడి కదలకుండా ఉండాల్సి వస్తుంది. పూర్తి స్పృహతో, నిలకడగా ఉన్న రోగికి ఎక్స్‌రే అవసరమో కాదో తేల్చడానికి కెనడాలో సి-స్పైన్ (మెడ భాగపు వెన్నెముక) నియమాన్ని రూపొందించారు. వయసు 65 లేదా అంతకు మించి ఉందా, ప్రమాదం తీవ్రమైనదా, కాళ్లూ చేతుల్లో తిమ్మిరి ఉందా అని ముందు చూస్తారు. ఇవేవీ లేకుండా, మెడ కదిపి చూడటం సురక్షితమని సూచించే లక్షణాల్లో కనీసం ఒకటి ఉంటే, మెడను కుడికీ ఎడమకీ 45 డిగ్రీలు తిప్పమని రోగినే అడుగుతారు. తిప్పగలిగితే ఎక్స్‌రే అక్కర్లేదు. శిక్షణ పొందిన ట్రయాజ్ నర్సులు ఈ నియమాన్ని సురక్షితంగా పాటించగలరని 2010లో వెలువడిన కెనడా అధ్యయనం తేల్చింది. రోగి మెడ మీది కాలర్ తీసే అధికారాన్ని నర్సుకు ఇవ్వడం వల్ల డాక్టరు స్థాయికి వచ్చిన లోటేమీ లేదు. రోగికి మాత్రం ఎంతో బాధ తప్పుతుంది.

ఛాతీనొప్పితో వచ్చిన వారికి 10 నిమిషాల్లోపే ఇసిజి తీయాలని గుండె వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. డాక్టరు మరో గదిలో మరో ప్రాణంతో పోరాడుతున్నప్పుడు, ఎవరినీ అడగకుండా నర్సే ఇసిజి తీసే వీలుంటే తప్ప ఈ గడువు ఆచరణలో నిలబడదు. అందుకే అనేక ఆస్పత్రులు ఇలాంటి పనులకు స్టాండింగ్ ఆర్డర్లు, అంటే ప్రతిసారీ డాక్టరును అడగనక్కర్లేకుండా నర్సుకు ముందుగానే ఇచ్చే అనుమతులు, రాసిపెట్టుకున్నాయి.

పరీక్షల సంగతి ఇలా తేలినా, డాక్టరు నిర్ణయంతో నర్సు విభేదించాల్సి వచ్చినప్పటి పరిస్థితి ఇంకా కఠినం. నర్సు సలహా ఇవ్వాలి గానీ అది సలహాలా కనిపించకూడదు, ఆ ఆలోచన డాక్టరుకే వచ్చినట్టు ఉండాలి అన్న అలిఖిత నియమం ఆస్పత్రుల్లో నడుస్తోందని అమెరికన్ మానసిక వైద్యుడు లియొనార్డ్ స్టైన్ 1967లోనే రాశారు. ఆ తీరు ఇంకా పూర్తిగా పోలేదు. ప్రపంచవ్యాప్తంగా ఈ వృత్తిలో దాదాపు 85 శాతం మంది మహిళలే కావడం దానికి ఒక కారణమని నా అభిప్రాయం. బ్రిటన్‌లో 2012లో వచ్చిన నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోరు ఈ ఇరకాటానికి కొంత మందు వేసింది. శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, రక్తపోటు, నాడి, స్పృహ, ఉష్ణోగ్రతలను అంకెలుగా మార్చి కలిపినప్పుడు మొత్తం 7 లేదా అంతకు మించితే అత్యవసర బృందాన్ని పిలవాల్సిందే. ‘రోగి ఎందుకో తేడాగా ఉన్నారు డాక్టర్’ అని బతిమాలుతున్నట్టు చెప్పాల్సిన నర్సు, ‘స్కోరు 7, మీరు రావాలి’ అని అడగగలిగింది. అయితే అంకెకు అందని అనుమానానికి కూడా విలువ ఉండాలి. ఏళ్ల అనుభవమున్న నర్సుకు ఛార్టు మారకముందే రోగి ముఖంలో మార్పు కనిపిస్తుంది.

నర్సులకు అధికారమిస్తే పొరపాట్లు పెరుగుతాయన్న డాక్టర్ల ఆందోళనను తేలిగ్గా కొట్టిపారేయలేం. అత్యవసర విభాగంలో తప్పుకు మూల్యం ప్రాణం. కానీ తప్పులు డాక్టర్ల వల్లా జరుగుతాయి, వాటిని ఎదుర్కోవడానికి వారికి సమీక్షలు, సహచరుల చర్చలు, సీనియర్ల సలహా ఉంటాయి. నర్సుకు మాత్రం మెమో వస్తుంది. ప్రోటోకాల్ ప్రకారమే నడుచుకున్నా ఫలితం వికటించిన రోజున యాజమాన్యం ఎలా ప్రవర్తించిందో ఆ విభాగంలోని ప్రతి నర్సూ గమనిస్తుంది. ఆ ఒక్క సంఘటన తర్వాత అందరూ ప్రతి చిన్న విషయానికీ డాక్టరును పిలవడం మొదలుపెడితే, స్టాండింగ్ ఆర్డర్ కాగితం మీదే మిగిలిపోతుంది.

స్వతంత్రత పేరుతో ఉన్న పనికి అదనపు పని తగిలించే ప్రమాదం గురించి కూడా చెప్పుకోవాలి. శస్త్రచికిత్స రోగుల మీద అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సు చూడాల్సిన రోగుల సంఖ్య ఒక్కటి పెరిగినా, 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. అత్యవసర విభాగంలో నర్సుకు నలుగురికి మించి రోగులు ఉండరాదని కాలిఫోర్నియా 2004 నుంచి అమలు చేస్తున్న నిబంధన చెబుతోంది. ఆలోచించే తీరిక లేని మనిషికి నిర్ణయాధికారం ఇవ్వడం ఆ మనిషిని బలిపెట్టడమే. డాక్టర్ల కొరతను తక్కువ జీతంతో పూడ్చుకోవడానికి నర్సుల స్వతంత్రతను వాడుకునే యాజమాన్యాలు ఈ ఆశయానికే చెడ్డపేరు తెస్తాయి.

చివరిగా, అందరూ మరిచిపోయే విషయం ఒకటుంది. ట్రయాజ్ నర్సు పసుపు రంగు కేటాయించి పంపిన రోగి ఆ తర్వాత ఏమయ్యారో ఆ నర్సుకు చాలాసార్లు తెలియదు. ఐసియుకు వెళ్లారా, ఇంటికి వెళ్లారా, మర్నాడు మళ్లీ వచ్చారా అన్న సమాచారం ఎవరూ చేరవేయరు. నిర్ణయం ఫలితం తెలియని మనిషికి అనుభవం పెరుగుతుంది గానీ వివేచన పదునెక్కదు. ప్రతి నర్సుకూ తాను ట్రయాజ్ చేసిన కేసుల్లో కొన్నింటి ఫలితాలను నెలకోసారైనా చూపించి, డాక్టర్లతో కలిసి చర్చించే ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. రికార్డులు ఇప్పటికే ఆస్పత్రిలో ఉన్నాయి. ప్రోటోకాల్ రాసే కమిటీలో ట్రయాజ్ నర్సులకు స్థానం ఉంటే, ఆ చర్చల్లో బయటపడిన లోపాలు తర్వాతి ప్రోటోకాల్‌లో సరిదిద్దుకునే వీలు కూడా కలుగుతుంది.