కడుపు బాధల లెక్క: పోస్టులో వచ్చిన జవాబును ఎంత నమ్మాలి?

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో ఓల్మ్‌స్టెడ్ కౌంటీ ఉంది. పేరొందిన మేయో క్లినిక్ ఆసుపత్రి ఉన్నది అక్కడే. 1980ల చివర్లో అక్కడి పరిశోధకులు జనానికి పోస్టులో ప్రశ్నపత్రాలు పంపారు. కడుపునొప్పి వస్తోందా, విరేచనమయ్యాక తగ్గుతోందా వంటి ప్రశ్నలవి. ఏడాది పైన గడిచాక వాళ్లకే మళ్లీ పంపారు. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (ఐబీఎస్), అంటే తరచూ కడుపునొప్పితో పాటు విరేచనాల్లో తేడాలు వచ్చే సమస్య, ఉన్నవారు మొదటిసారి 17 శాతం, రెండోసారి 18 శాతం. లెక్క కుదిరినట్టే ఉంది. కానీ మనుషులు మారిపోయారు. మొదట ఐబీఎస్ ఉందని తేలినవారిలో 38 శాతం మంది రెండోసారి ఆ లెక్కలోకి రాలేదు. ఆ ఖాళీల్లోకి కొత్తవాళ్లు వచ్చారు.

అలాగని ప్రశ్నపత్రాన్ని తప్పుపట్టడం తొందరపాటే. ఐబీఎస్ కొన్నాళ్లు వేధిస్తుంది, కొన్నాళ్లు ఊరుకుంటుంది. జవాబు మారిందంటే కడుపు నిజంగానే కుదుటపడి ఉండొచ్చు. ప్రశ్నపత్రం నిలకడ తెలియాలంటే కొద్ది రోజుల తేడాతోనే మళ్లీ నింపించాలి. మరీ వెంటనే ఇస్తే పాత జవాబు గుర్తుండిపోతుంది, అదొక తంటా.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది నిర్వచనం. ఇలాంటి జీర్ణ సమస్యలను గుర్తించే ప్రమాణాలను రూపొందించే రోమ్ ఫౌండేషన్ 33 దేశాల్లో 73 వేల మందిపై చేసిన సర్వే 2021లో వెలువడింది. ఇంటర్నెట్‌లో జవాబులిచ్చినవారిలో ఐబీఎస్ పాత ప్రమాణాల ప్రకారం 10.1 శాతం, కొత్త వాటి ప్రకారం 4.1 శాతం. జనం అదే. కడుపులో 'అసౌకర్యం' సరిపోదు, నొప్పే ఉండాలి, అదీ కనీసం వారానికో రోజు అనేసరికి సగానికి పైగా పేషెంట్లు కాకుండా పోయారు!

అదే సర్వేలో భారత్ సహా కొన్ని దేశాల్లో ఇంటింటికీ వెళ్లి అడిగారు. అక్కడ జీర్ణ సమస్యలున్నవారు 20.7 శాతం, ఇంటర్నెట్‌లో 40.3 శాతం. దేశాలు చాలావరకు వేరు కాబట్టి తేడా అంతా పద్ధతి మీదకు నెట్టలేం. కానీ ఇంట్లోవాళ్లు వింటుండగా విరేచనాల గురించి కొత్త మనిషికి ఎవరు విడమరచి చెబుతారు? ఆ మొహమాటం కవరులో పెట్టి పంపే కాగితం దగ్గర ఉండదు.

కాగితానికి ఉన్న అసలు లోపం తిరిగి రాకపోవడం. 1993లో వెలువడిన అమెరికా సర్వేలో పోస్టు అందుకున్నవారిలో 66 శాతమే జవాబిచ్చారు. వారిలో 69 శాతం మందికి ఏదో ఒక జీర్ణ సమస్య ఉందట. జవాబివ్వనివారంతా ఆరోగ్యవంతులైతే ఆ 69 కాస్తా 46 దగ్గరకు దిగుతుంది. అందరికీ బాధలుంటే 80 దాకా వెళ్తుంది. వార్తల్లోకి మాత్రం 69 ఒక్కటే ఎక్కుతుంది.