హైదరాబాదు నుంచి బత్తాయిలు

డిసెంబరులో హైదరాబాదు పుస్తకాల పండుగకు బయలుదేరుతుంటే మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడి మాట తీసుకుంది. "చూసి రండి. కొనకండి." నేను తల ఊపాను. తల ఊపితే ఒప్పుకున్నట్టా కాదా అన్నది ఏ ధర్మశాస్త్రమూ తేల్చలేదని నా నమ్మకం.

ఇదివరకు వాదించేవాణ్ణి. "1922లోనే మన నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది, చదువు ఈ మట్టిలోనే ఉంది" అంటే, "పత్రిక వచ్చింది, వెళ్లింది. మీ పుస్తకాలు వస్తున్నాయే తప్ప వెళ్లడం లేదు" అంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారని చెప్పి చూశాను. "చూశారా! అంతమందినీ ఆయన ఒక్క పుస్తకంలో సర్దారు" అంది. ఆ తర్వాత వాదన మానేసి దొంగతనంగా తేవడం మొదలుపెట్టాను.

ప్రదర్శనలో కొత్త పుస్తకం చేతికి రాగానే నేను చేసే మొదటి పని ధర చూడటం కాదు, మధ్యకు తెరిచి ముక్కు పెట్టడం. ఆ వాసన తలకెక్కాక మిగతాది నా చేతుల్లో ఉండదు. సాయంత్రానికి పద్నాలుగు పుస్తకాలయ్యాయి. బయట పళ్ల బండి దగ్గర ఖాళీ అట్టపెట్టె కనిపించగానే ఉపాయం తట్టింది. అడుగున పుస్తకాలు, పైన రెండు డజన్ల బత్తాయిలు. ఎవరికి అనుమానం వస్తుంది?

బస్సులో కండక్టరు పెట్టె వంక చూశాడు. "ఎక్కడికి?" "నల్లగొండ." "ఇవేమిటి?" "బత్తాయిలు." ఆయన ఒకసారి నన్ను, ఒకసారి పెట్టెను చూసి టికెట్టు చింపి ఇచ్చి, ముందుకు వెళ్లి డ్రైవరుతో ఏదో చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. నేను అప్పటికే మూడో అధ్యాయంలో ఉన్నాను. నార్కట్‌పల్లి దగ్గర బస్సు మలుపు తిరిగినప్పుడైనా బుర్ర వెలగాల్సింది. వెలగలేదు, ఎందుకంటే కథానాయకుడు బావిలో పడ్డాడు.

ఇంట్లో పెట్టె దించి, "నీకోసమే" అన్నాను.

మా ఆవిడ పైనున్న కాయను చూసింది. ముట్టుకోలేదు. "బత్తాయిలా? హైదరాబాదు నుంచి నల్లగొండకా?"

అప్పుడు గుర్తొచ్చింది. రాష్ట్రమంతటికీ బత్తాయిలు పంపే జిల్లా మాది. అది చాలదన్నట్టు, గుర్రంపోడు దగ్గర మా మామగారికి నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. ఏటా ఆయన పంపే కాయలు తిని అరిగించుకోలేక పంచిపెట్టే అల్లుణ్ణి నేను.

ఆమె ఇంకో మాట అనకుండా లోపలికి వెళ్లి తలుపు వేసుకుని పుట్టింటికి ఫోను చేసింది. కోపంతో పెట్టె జోలికి రాలేదు గనుక పుస్తకాలు క్షేమం. ఆ రాత్రి సిగ్గు లేకుండా సంతోషించాను కూడా.

తెల్లవారి టీ తాగుతుంటే గేటు ముందు ఆటో ఆగింది. మామగారు, రెండు గోనె బస్తాలు. చెట్ల మీద మిగిలిన కాయలన్నీ, సగం పచ్చివాటితో సహా, కోయించి తెచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "అల్లుడూ, మన తోట కాయలు నచ్చక నువ్వు కొనుక్కున్న కాయలేవో ఒకసారి చూస్తాను" అన్నారు.

ఒక్కొక్క కాయే తీశారు. నొక్కారు, వాసన చూశారు, వెలుతురుకు తిప్పారు. "మంగు పట్టింది." "తోలు మందం." "ఇందులో రసం చుక్క ఉండదు." ప్రతి తీర్పుకూ మా ఆవిడ తల ఊపింది. ఇరవై నాలుగో కాయ తర్వాత ఆయన చెయ్యి గట్టి అట్టకు తగిలింది.

ఒక పుస్తకం పైకి తీసి అటూ ఇటూ తిప్పి, మామగారు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. "ఓస్, పుస్తకాలా! నా కాయలే చేదయ్యాయేమోనని రాత్రంతా నిద్ర లేదు."

మా ఆవిడకు మాత్రం అప్పుడే నిద్ర మేలుకున్నట్టయింది. ఏమీ అనలేదు. పద్నాలుగూ ఎంచి అల్మారాలో పెట్టి తలుపు వేసింది. రెండు బస్తాలనూ నాన్నచేత ఆ తలుపుకు ఆనించి పెట్టించింది.

ఇప్పుడు మా ఇంట్లో రోజుకు ఇరవై కాయలు పిండుతున్నాం. పొద్దున రెండు గ్లాసులు, రాత్రి రెండు గ్లాసులు నా వాటా. బస్తాకు రెండు వందల కాయలు వేసుకున్నా, సంక్రాంతికి అల్మారా తలుపు తెరుచుకోవాలి. బావిలో పడినవాడు అప్పటిదాకా అక్కడే ఉంటాడు.