అంతర్వాణికి అటెండెన్స్

బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసువాళ్లు శుక్రవారం పొద్దున్నే మీటింగ్ రూములో ధ్యానం క్లాసు పెట్టారు. అంతర్వాణిని వినడం నేర్పుతారట. సిల్క్‌బోర్డు సిగ్నల్ దగ్గర నలభై నిమిషాలు ఇరుక్కుని వచ్చినవాడికి ఇది నేర్పడమంటే చేపపిల్లకి ఈత నేర్పడమే, కానీ అటెండెన్స్ తీసుకుంటామన్నారు, వెళ్లాను.

కళ్లు మూసుకుని శ్వాసని గమనించమన్నారు. మూడో శ్వాసకే మొదలైంది. గీజర్ ఆపానా? గోంగూర సీసాకి మూత పెట్టానా? ఇవాళ అయిదో తారీఖా, అద్దె కట్టానా? ఆలోచన వస్తే తోలేయకండి, పట్టుకోకండి, మబ్బులా పోనివ్వండి అన్నారు సారు. గీజర్‌ని పోనిచ్చాను. హాయిగా ఉంది.

ఏ పనీ చెప్పనప్పుడు కూడా మెదడులో కొన్ని భాగాలు చురుగ్గానే ఉంటాయని అమెరికాలో మార్కస్ రేకల్ బృందం 2001లో చెప్పి, దానికి డిఫాల్ట్ మోడ్ అని పేరు పెట్టింది. ఈ సంగతి మా మేనేజర్‌కి తెలియకూడదు, ఆ భాగాలకీ పని అప్పజెప్పి టికెట్లు వేస్తాడు.

సోక్రటీస్‌కీ లోపల ఒక గొంతు వినిపించేదట, అయితే అది 'వద్దు' అనడమే తప్ప 'చెయ్యి' అని ఎప్పుడూ అనలేదని ప్లేటో రాశాడు. నాది ఇంకో దోసె వద్దని ఏనాడూ అన్న పాపాన పోలేదు.

అసలీ గొంతు ఎక్కడిదన్న దాని మీద రష్యా మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ మాటే నాకు సబబుగా తోచింది. చిన్నపిల్లలు పని చేస్తూ పైకే మాట్లాడుకుంటారు, పెరిగేకొద్దీ ఆ మాటలే లోపలికి పోతాయి అంటాడు. మా ఎదురింటి పాప లిఫ్టు ముందు చతికిలబడి బూటు లేసు కట్టుకుంటూ "ఇది కిందనుంచి, ఇది పైనుంచి, ఛీ, మళ్లీ ఊడిందీ" అని లేసుతోనే తగువు పెట్టుకుంటుంది. నేనూ అంతే, కాకపోతే నోరు మూసుకుని. అప్రైజల్‌లో "ఏమైనా చెప్పాలా?" అంటే "ఏం లేదు సార్" అంటాను, లోపల వేరే మీటింగ్ నడుస్తుంటుంది. ఆటో బేరం కన్నడంలో ఆడతాను, లెక్కలు ఇంగ్లీషులో వేస్తాను, తిట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం లోపలివాడు మా ఊరు పొన్నూరు పొలిమేర దాటడు. ఏడేళ్లుగా మింగిన మాటలన్నీ వాడి దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని మింగిన మాటలు అంటే క్లాసుకి ఎవరూ ఫీజు కట్టరు కాబట్టి అంతర్వాణి అంటున్నారని నా అనుమానం.

చివర్లో ఫారం ఇచ్చారు. మీ లోపలి గొంతు ఏమంది? 'ప్రశాంతంగా ఉండమంది' అని రాసి సంతకం పెట్టాను.

రాత్రి తొమ్మిదింటికి తలుపు తీసేసరికి, చీకట్లో గీజర్ ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.