కొండ ఎక్కడానికి ఎన్ని సెలవులు కావాలి?

మల్లి మస్తాన్ బాబు గురించి మన దగ్గర ఎవరు మాట్లాడినా ఒక విషయం తప్పకుండా చెబుతారు. అంత చదువు చదివి, ఉద్యోగం వద్దనుకుని కొండల బాట పట్టాడని. నెల్లూరు జిల్లాలోని గాంధీజనసంఘం అనే చిన్న ఊళ్లో పుట్టాడు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చేశాడు. మధ్యలో సత్యం కంప్యూటర్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా చేశాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు.

ఆయన చేసింది ఎంత పెద్ద పనో ఆ పర్వతాల పేర్లు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ జీవితాన్ని మనం చెప్పుకునే తీరు వల్ల ఒక నష్టం జరిగింది. కొండలు ఎక్కాలంటే ఉద్యోగం వదిలేయాలి, ఉద్యోగం చేయాలంటే కొండలు మర్చిపోవాలి అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో, విశాఖలో పనిచేస్తూ ఎక్కడం నేర్చుకోవాలనుకునే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే: "ఎప్పటికైనా జాబ్ మానేయాల్సిందేనా?"

మానక్కర్లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది అదే. అయితే ఉద్యోగంతో కొండ కుదరాలంటే కావలసింది గుండె ధైర్యం కన్నా ముందు సెలవులు. ఎన్ని రోజులు, అందులో ఎన్ని ఒకే విడతగా, ఏ నెలలో. మన దగ్గర ఈ లెక్క గురించి ఎవరూ మాట్లాడరు.

ఉద్యోగంలో ఉంటూ పెద్ద పర్వతాలు ఎక్కినవాళ్లు మనకు కొత్తేమీ కాదు. జి.ఆర్. రాధిక 2016 మేలో ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆదిలాబాద్‌లో అదనపు ఎస్పీ. ఉత్తరప్రదేశ్ కేడర్ ఐపీఎస్ అధికారి అపర్ణా కుమార్ సర్వీసులో ఉండగానే ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేశారు. అమెరికాలో టామ్ హార్న్‌బైన్ మత్తు డాక్టరు. 1963లో ఎవరెస్ట్ పడమటి అంచు నుంచి ఎక్కి, తర్వాత యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో తన విభాగానికి అధిపతిగా చాలా ఏళ్లు పనిచేశాడు. వీళ్లు సాహసంలో ఎవరికీ తీసిపోరు. సాహసంతో పాటు వీళ్లకు ఇంకొకటి కూడా ఉంది: ఆఫీసు ఇచ్చిన సమయం.

ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగికీ ప్రైవేటు ఉద్యోగికీ మధ్య ఉన్న తేడా చూడండి. ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ ఆమోదించిన పర్వతారోహణ యాత్రకు వెళ్లే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదిలో 30 రోజుల వరకు ప్రత్యేక క్యాజువల్ లీవు దొరుకుతుంది. మామూలు సెలవుల ఖాతా నుంచి అది తగ్గదు. అదే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేసే అమ్మాయిని తీసుకోండి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఆమెకు 15 రోజుల జీతంతో కూడిన సెలవు. క్యాజువల్, సిక్ లీవులు వేరే ఉన్నా వాటిని దీనికి అతికించి ఒకేసారి వాడుకోనిచ్చే మేనేజర్లు అరుదు.

ఇప్పుడు ఈ పదిహేను రోజుల పక్కన పర్వతారోహణ శిక్షణను పెట్టి చూడండి. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు 28 రోజులు. రానూ పోనూ ప్రయాణంతో కలిపి నెల దాటుతుంది. అందులో 'ఎ' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సు, అది మళ్లీ ఇంకో నెల. పైగా బేసిక్ కోర్సుకు నలభై ఏళ్ల వయసు పరిమితి ఉంది. లోన్ తీరాక, పిల్లలు పెద్దయ్యాక చూద్దాంలే అనుకునేవాళ్లకు ఆ తలుపు మూసుకుపోతుంది. చట్టం ఒక మంచి వెసులుబాటు ఇచ్చింది: వాడుకోని సెలవులను 60 రోజుల దాకా పోగుచేసుకోవచ్చు. అంటే రెండేళ్లు ఓపిక పడితే ఒక కోర్సుకు సరిపడా రోజులు ఖాతాలో ఉంటాయి. ఖాతాలో ఉన్నాయి కదా అని ఒకేసారి అడిగితే మాత్రం "ప్రాజెక్ట్ ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది.

సెలవులు తక్కువై కోరిక ఎక్కువైనప్పుడు జరిగేదే నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతుంది. శనివారం పొద్దున హైదరాబాద్‌లో విమానం ఎక్కి, ఢిల్లీ మీదుగా మధ్యాహ్నానికి లేహ్‌లో దిగొచ్చు. లేహ్ ఉన్నదే దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఆగాలని కొండ వైద్యం తెలిసిన డాక్టర్లు చెబుతారు. ఆ లెక్కన ఆరు వేల మీటర్ల శిఖరానికి లేహ్‌లో విశ్రాంతి, వాతావరణం బాగోక ఆగాల్సిన రోజులు కలుపుకుంటే కనీసం రెండు వారాలు చేతిలో ఉండాలి. ఐదు రోజుల సెలవుకు రెండు వైపులా వీకెండ్లు కలిపితే వచ్చేది తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లోకి శిఖరాన్ని ఇరికించే ప్యాకేజీలు అమ్ముతున్నారు, కొంటున్నారు కూడా. తలనొప్పి మొదలైనా, వాంతులవుతున్నా, సోమవారం ఆఫీసుకు వెళ్లాలి కాబట్టి ఇవాళే పైకి వెళ్లిపోదాం అనుకుంటారు. ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి నీరు చేరే జబ్బులు ముదిరేది ఇలాంటి నిర్ణయాలతోనే. సమయం లేకపోతే ఆ శిఖరం వద్దు. నాలుగు వేల మీటర్ల దారి ఒకటి చూసుకుని హాయిగా నడిచి రావడంలో ఏ చిన్నతనమూ లేదు.

ఇదంతా ఎత్తు పర్వతాల సంగతి. ఎక్కడంలో ఇంకో లోకం ఉంది, అది ఉద్యోగస్తుల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. రాతి మీద ఎక్కడం. దక్కన్‌లో రెండున్నర వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మన ఇళ్ల పక్కనే ఉంది. భువనగిరి కోటగుట్ట నున్నటి పలకల మీద ఎంతమంది పిల్లలు తాడు పట్టారో! ఎవరెస్ట్‌కు వెళ్లే ముందు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఓనమాలు దిద్దుకున్నదీ అక్కడే. ఖాజాగూడ బండలు ఐటీ ఆఫీసులకు కూతవేటు దూరంలో ఉన్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున ఆరుకల్లా రాయి దగ్గరుంటే, చల్లటి రాయి మీద వేళ్లూ షూ రబ్బరూ బాగా పడతాయి. ఎండ ముదిరే లోపు రెండు మూడు గంటలు ఎక్కి, స్నానం చేసి, పది గంటల మీటింగ్‌కు కూర్చోవచ్చు. ఎండాకాలంలో సాయంత్రాలు జిమ్ గోడ ఎలాగూ ఉంది. సియాటిల్‌లోనో బే ఏరియాలోనో ఉండే మనవాళ్లయితే రాత్రి పొద్దుపోయే దాకా తెరిచి ఉండే క్లైంబింగ్ జిమ్‌లకు ఆఫీసు నుంచి నేరుగా వెళ్తుంటారు.

ఇంకో విషయం, చాలామంది కొత్తవాళ్లు నమ్మరు. రోజంతా ఖాళీగా ఉన్నంత మాత్రాన రోజంతా ఎక్కలేం. కండరాలు త్వరగా బలపడతాయి కానీ వేళ్లలో ఎముకకు స్నాయువును (టెండన్) పట్టి ఉంచే కట్లు నెమ్మదిగా గట్టిపడతాయి. గట్టిగా ఎక్కిన రోజు తర్వాత వాటికి కనీసం రెండు రోజుల విశ్రాంతి కావాలి. వారానికి రెండు మూడు సార్లు శ్రద్ధగా ఎక్కి, మిగతా రోజులు బాగా తిని నిద్రపోయేవాళ్లే ఏళ్ల తరబడి గాయాలు లేకుండా సాగుతారు. అంటే వారంలో నాలుగు రోజులు ఎలాగూ రాయికి దూరంగా ఉండాల్సిందే. ఆ నాలుగు రోజులు ఆఫీసులో గడిస్తే ఎక్కేవాడికి నష్టమేమీ లేదు. ఉద్యోగం నిజంగా దెబ్బకొట్టేది నిద్ర విషయంలో. అమెరికా క్లయింట్ కాల్ రాత్రి పన్నెండున్నరకు ముగిసి, పొద్దున ఐదుకు లేచి రాయి మీదకు వెళ్లేవాళ్లను చూశాను. తాడు ముడి సరిచూసుకోవాల్సిన మనిషికి నిద్రమత్తు ఉండకూడదు. ఆ పొద్దు పడుకోవడమే మంచిది.

ఈ రాళ్లు ఎన్నాళ్లు ఉంటాయన్నది వేరే బెంగ. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు వీటి కోసం పోరాడుతున్నారు. కొన్ని రాతి సముదాయాలకు వారసత్వ సంపదగా గుర్తింపు కూడా వచ్చింది. అయినా నగరం పెరిగిన వైపల్లా పేలుళ్లు వినిపిస్తూనే ఉన్నాయి. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు చెట్లు, జింకలు వార్తల్లోకి వచ్చాయి, రావాల్సిందే. అక్కడి బండల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఆఫీసుకు ఇరవై నిమిషాల దూరంలో ఉన్న బండ పోయి, తర్వాతి బండ వంద కిలోమీటర్ల దూరానికి జరిగితే, ఉద్యోగం చేస్తూ ఎక్కే అవకాశమే పోతుంది. వారం మధ్యలో ఎక్కడం అన్న మాటే ఉండదు. అందుకే ఖాజాగూడ రాయిని కాపాడమని అడగడం నా దృష్టిలో ఉద్యోగుల డిమాండ్ కూడా.

మరి ఎక్కడాన్నే ఉద్యోగం చేసుకుంటే? చేసుకున్నవాళ్లున్నారు. టెన్జింగ్ నార్గే, 1954లో డార్జిలింగ్‌లో మొదలైన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ బాధ్యతలు చూశారు. బచేంద్రి పాల్ కథ నాకు ఇంకా ఇష్టం. బీఈడీ చేసి కూడా సరైన టీచరు ఉద్యోగం దొరకని అమ్మాయి ఆమె. 1984లో ఎవరెస్ట్ ఎక్కిన తొలి భారత మహిళ అయ్యాక, టాటా స్టీల్ నడిపే సాహస క్రీడల విభాగానికి నాయకత్వం వహించి, ఉద్యోగిగానే రిటైరయ్యారు. నెల జీతం, పీఎఫ్, కొండ, మూడూ ఒకే చోట. అలాంటి కంపెనీ దేశంలో ఎన్ని ఉన్నాయి? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లకు దొరికేది సీజన్‌లో గైడు పని, జిమ్‌లో ఇన్‌స్ట్రక్టర్ పని, లేదా స్పాన్సర్ల చుట్టూ తిరగడం. ఎవరెస్ట్‌కు నేపాల్ ప్రభుత్వం తీసుకునే పర్మిట్ ఫీజే 2025 సెప్టెంబరు నుంచి 15,000 డాలర్లు, మన డబ్బుల్లో 13 లక్షల చిల్లర. షెర్పాలు, ఆక్సిజన్, తిండి, ప్రయాణం దానికి అదనం. ఆ డబ్బు కోసం ఎమ్మెల్యేల ఇళ్ల ముందు, కంపెనీ ఆఫీసుల ముందు ఫైలు పట్టుకుని నిలబడే కుర్రాళ్లను చూస్తే బాధేస్తుంది. వాళ్ల బలమంతా అక్కడే ఖర్చయిపోతోంది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పాలి. ఆరోగ్య బీమా పాలసీల్లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ఒక మినహాయింపు ఉంటుంది. రాక్ క్లైంబింగ్, పర్వతారోహణ లాంటి సాహస క్రీడల్లో వృత్తిగా పాల్గొన్నప్పుడు తగిలిన గాయాల చికిత్సకు డబ్బు రాదని అందులో రాసి ఉంటుంది. వృత్తిగా అన్న మాట గమనించండి. ఆదివారం సరదాగా ఎక్కి మడమ విరగ్గొట్టుకున్న ఉద్యోగికి ఆ మినహాయింపు వర్తించదు. అదే మడమ విరిగిన ఇన్‌స్ట్రక్టర్‌కు వర్తిస్తుంది. ప్రమాద బీమా పాలసీల షరతులు వేరుగా ఉంటాయి, సంతకం పెట్టే ముందు ఆ పేజీ చదవాలి. ఉద్యోగం మానేయాలా అని అడిగే పిల్లలకు నేను జీతం కన్నా ముందు ఈ విషయం చెబుతాను.

ఇంట్లో అడగాల్సిన సెలవు మరొకటి ఉంది. ఆఫీసు ఆదివారం ఇస్తుంది, ఆ ఆదివారాన్ని రాయికి ఇచ్చేది ఇంట్లోవాళ్లు. మగవాడు పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్తే "వాడికదో పిచ్చి" అని ఊరుకుంటారు. పెళ్లయిన అమ్మాయి వెళ్తే టిఫిన్ ఎవరు చేస్తారన్న ప్రశ్న, పిల్లాడిని ఎవరు చూస్తారన్న ప్రశ్న, చేతులు గీసుకుపోతే చుట్టాలేమంటారన్న ప్రశ్న. పెళ్లికి ముందు బాగా ఎక్కి, తర్వాత కనిపించకుండా పోయిన అమ్మాయిలు ప్రతి ఊరి క్లైంబర్లలోనూ ఉన్నారు. వాళ్లను ఆపింది ఉద్యోగం మాత్రం కాదు. భర్తలు వారం మార్చి వారం ఇంటి పని చూసుకుంటే ఇందులో సగం తీరుతుంది.

కంపెనీలను నేను అడిగేది పెద్దదేమీ కాదు. మూడేళ్లు పనిచేసిన ఉద్యోగికి ఒకసారి నెల రోజులు ఒకే విడతగా సెలవు ఇవ్వండి, లాస్ ఆఫ్ పే అయినా సరే. తిరిగొచ్చాక అదే టీమ్‌లో, అదే హోదాలో కూర్చోనివ్వండి. ప్రసూతి సెలవుకు, నోటీస్ పీరియడ్‌కు మనిషిని సర్దుకోగలిగిన ఆఫీసు, ఆరు నెలల ముందే చెప్పిన నెల రోజులకు సర్దుకోలేదా? రాష్ట్ర ప్రభుత్వాలు కూడా మౌంటెనీరింగ్ ఫౌండేషన్ ఆమోదించిన యాత్రలకు కేంద్రం ఇస్తున్న 30 రోజులను చూపించి, ప్రైవేటు సంస్థలు అలాంటిది అమలు చేసేలా ఒక మార్గదర్శకం తేవచ్చు. ఎవరెస్ట్ ఎక్కివచ్చినవాళ్లకు శాలువాలు కప్పి, చెక్కులు ఇవ్వడం కన్నా దీనికి ఖర్చు చాలా తక్కువ.

అది వచ్చే వరకు ఉన్న దారి ఇది. కోర్సులు వేసవిలోనూ, వానలు వెనకబట్టాక సెప్టెంబరు నుంచి నవంబరు మధ్యలోనూ జరుగుతాయి. అప్రైజల్ గొడవలుండే మార్చి, ఏప్రిల్ కన్నా శరదృతువు బ్యాచ్‌కు అడగడం తేలిక. సీట్లు నెలల ముందే నిండిపోతాయి కాబట్టి ముందు సీటు ఖాయం చేసుకుని, ఆ కన్ఫర్మేషన్ కాగితంతో మేనేజర్ దగ్గరికి వెళ్లాలి. ఏడాదికి రావాల్సిన ఇంక్రిమెంట్ గురించి మాట్లాడే రోజునే సెలవు గురించీ మాట్లాడాలి. రెండిట్లో ఒకటే ఇస్తామంటే, సెలవు తీసుకోండి.