జాంజిబార్‌లో అరబ్బు ఎవరు, ఆఫ్రికన్ ఎవరు?

టిప్పు టిప్ ఫొటో చూస్తే ఆయన్ని అరబ్బు అని ఎవరూ అనుకోరు. నల్లటి మనిషి, నెరిసిన గడ్డం, తలపాగా, పొడుగు అంగీ. అసలు పేరు హమద్ బిన్ ముహమ్మద్ అల్ ముర్జెబి. పుట్టింది తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవిలో. 19వ శతాబ్దంలో ఏనుగు దంతాలను, బానిసలను ఆఫ్రికా లోపలి ప్రాంతాల నుంచి తీరానికి తరలించి అమ్మినవాళ్లలో పేరుమోసినవాడు. యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఆయన రూపం ఆఫ్రికన్‌దని చెబుతూనే ‘అరబ్బు వ్యాపారి’ అన్నారు. 1890ల్లో ఆయన కొడుకుతో, అనుచరులతో కాంగోలో బెల్జియన్లు చేసిన యుద్ధానికీ ‘అరబ్బు యుద్ధం’ అనే పేరే వచ్చింది. ఆయన మాత్రం తన జీవితకథను ఆ తీరపు భాష స్వాహిలీలో, అరబ్బీ లిపిలో రాసిపెట్టాడు.

ఇందులో ఎవరి పొరపాటూ లేదు. ఆ తీరంలో వంశం తండ్రి వైపు నుంచే లెక్క. మన ఇంటిపేరూ ఆ దారినే వస్తుంది కాబట్టి ఇది మనకు వింతగా అనిపించదు. అయితే అక్కడ ఆ లెక్క మీద చాలా జీవితాలు ఆధారపడ్డాయి. ఒమన్ పాలకుడు సయీద్ బిన్ సుల్తాన్ 1830ల నుంచి మస్కట్ వదిలి జాంజిబార్‌కు మకాం మార్చాడు. లవంగం తోటలు వేయించాడు. 1856లో చనిపోయేనాటికి ఆయన సంతానంలో బతికున్నవాళ్లు 36 మంది. అందరూ సురియాలకు, అంటే యజమాని అంతఃపురంలో ఉంచుకున్న బానిస స్త్రీలకు పుట్టినవాళ్లే. షరియత్ ప్రకారం తండ్రి ‘నా బిడ్డే’ అని ఒప్పుకుంటే చాలు, ఆ బిడ్డ బానిస కాదు. ఆస్తిలో భార్యకు పుట్టిన పిల్లలతో సమానంగా వాటా ఉంటుంది. తల్లిని ఇక అమ్మకూడదు, యజమాని పోయాక ఆమెకు విడుదల. అలా ఇథియోపియా బానిస స్త్రీ కొడుకు బర్ఘష్ 1870లో సుల్తాన్ అయ్యాడు. మూడేళ్ల తర్వాత, బ్రిటిష్ వాళ్ల ఒత్తిడికి తలొగ్గి, జాంజిబార్ బానిసల బజారు మూయించిందీ ఆయనే.

అమెరికాలో బానిస తల్లి బిడ్డ బానిసే అయ్యేది, ఇక్కడ రాజయ్యాడు చూడండి అని మెచ్చుకునేవాళ్లున్నారు. సగం నిజమే. మిగతా సగం ఆ తల్లి వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. 1897లో బానిసత్వాన్ని రద్దు చేసిన ఉత్తర్వు కూడా సురియాలను పక్కన పెట్టింది. వాళ్లు ఇంటి మనుషులు, కుటుంబాలు చెదిరిపోతాయి అన్నది అప్పటి వాదన. చట్టం వాళ్ల దాకా రావడానికి 1909 అయింది. కొడుకుకి సింహాసనం దక్కినా, తల్లిని బజారులో కొన్నారన్న నిజం పోదు. జాంజిబార్‌ను టూరిస్టులకు ‘సంస్కృతుల సంగమం’ అని చూపించేటప్పుడు ఈ ముక్క ఎక్కడో జారిపోతుంది.

అలాగని ఆ తీరంలో రక్తం కలిసిన ప్రతిసారీ వెనక బలవంతమే ఉందనుకుంటే అదీ తప్పే. 2023లో నేచర్ పత్రికలో ఒక డీఎన్‌ఏ అధ్యయనం వచ్చింది. తూర్పు ఆఫ్రికా తీర పట్టణాల్లోని, లోపలి ఒక ఊళ్లోని పాత సమాధుల నుంచి తీసిన 80 మంది అవశేషాలను పరిశీలించారు. క్రీ.శ. 1000 ప్రాంతం నుంచే అక్కడ ఆఫ్రికా, ఆసియా వంశాలు కలిశాయి. తల్లుల వైపు దాదాపు అంతా ఆఫ్రికా. తండ్రుల వైపు ఎక్కువగా పర్షియా. ఇండియా వంశమూ కొంచెం కలిసింది. అరేబియా వాటా పెరిగింది 1500 తర్వాతే. ‘మా పూర్వీకులు పర్షియాలోని షిరాజ్ నుంచి ఓడల్లో వచ్చారు’ అని స్వాహిలీ కుటుంబాలు చెప్పుకునే కథను చరిత్రకారులు చాలాకాలం గొప్పల కోసం అల్లిందని కొట్టిపారేశారు. అందులో కొంత నిజం తేలింది. పైగా స్వాహిలీ సమాజంలో పెళ్లయ్యాక అల్లుడు అత్తింటికి వచ్చి ఉండే ఆనవాయితీ ఉంది. ఓడ దిగిన వ్యాపారికి ఊళ్లో నిలవనీడ, బేరాలకు మాటసాయం ఆ అత్తింటి నుంచే దొరికేవి. పిల్లలు మాట్లాడింది తల్లి భాషే. అరబ్బీ మాటలు ఎన్ని చేరినా స్వాహిలీ ఇవాళ్టికీ ఆఫ్రికాదైన బంటూ కుటుంబపు భాషే. 11వ శతాబ్దపు ఆ పెళ్లినీ, 19వ శతాబ్దపు ఆ కొనుగోలునీ ఒకే గాటన కట్టలేం.

ఇంత చిక్కుపడ్డ సమాజాన్ని బ్రిటిష్ వాళ్లు గళ్ల కాగితంలో ఇరికించారు. (ఒమన్, జాంజిబార్‌లను రెండు రాజ్యాలుగా విడదీసిన 1861 తీర్పు కూడా మన వైస్రాయ్ కానింగ్ ఇచ్చిందే.) 1890లో జాంజిబార్ వాళ్ల రక్షణలోకి వెళ్లాక అరబ్బు అంటే భూస్వామి, ఇండియన్ అంటే వ్యాపారి, ఆఫ్రికన్ అంటే కూలీ. 1926లో శాసన మండలి పెట్టి అరబ్బులకు, ఇండియన్లకు సీట్లిచ్చారు. ఆఫ్రికన్‌కు 1940ల దాకా సీటు లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రేషన్ బియ్యం కూడా జాతిని బట్టే ఇచ్చారు. జనాభా లెక్కలవాడు అడిగినప్పుడు మనుషులు ఒకసారి స్వాహిలీ అని, ఇంకోసారి షిరాజీ అని, వీలైతే అరబ్బు అని రాయించుకున్నారు. బియ్యం దానికే ముడిపడితే ఎవరైనా అదే చేస్తారు.

ఆ గళ్లే చివరకు పార్టీలయ్యాయి. 1961 జూన్ ఎన్నికల అల్లర్లలో 68 మంది చనిపోయారు, అత్యధికులు అరబ్బులే. 1963 జులై ఎన్నికల్లో ఆఫ్రికన్ల పక్షమైన ఆఫ్రో షిరాజీ పార్టీకి 54 శాతం ఓట్లొచ్చినా 31లో 13 సీట్లే దక్కాయి. డిసెంబర్‌లో స్వాతంత్ర్యం, నెల తిరిగేసరికి, 1964 జనవరి 12న, సుల్తాన్ ప్రభుత్వం మీద తిరుగుబాటు. సుల్తాన్ జంషీద్ ఓడెక్కి పారిపోయాడు. వేల మందిని చంపేశారు. చచ్చిపోయినవాళ్లలో లవంగం తోటల దొరలకంటే పల్లెల్లో చిల్లర కొట్లు పెట్టుకున్న ‘మంగా’ అరబ్బులే ఎక్కువ. ఒమన్ నుంచి ఈమధ్యే పొట్ట చేతపట్టుకుని వచ్చిన పేదలు వాళ్లు. మరోపక్క తిరుగుబాటుకు అండగా నిలిచిన మార్క్సిస్టు నాయకుడు అబ్దుల్ రహమాన్ బాబు అరబ్బు సంతతివాడే. దీన్ని తరతరాల అరబ్బు-ఆఫ్రికన్ పగ అని తేల్చేసేవాళ్లు బాబును ఏ గడిలో పెడతారు? బానిసత్వం మీద కోపం న్యాయమైనదే, ఆ బాకీ వసూలు చేసింది మాత్రం అప్పు తీసుకోనివాళ్ల దగ్గర. 1970లో పర్షియన్ సంతతి అమ్మాయిలను తిరుగుబాటు తర్వాత పాలనకొచ్చిన రెవల్యూషనరీ కౌన్సిల్ పెద్దలకు బలవంతంగా కట్టబెట్టారు. జాతుల మధ్య గోడలు కూల్చడానికే అన్నారు. సుల్తాన్ల కాలంలో లాగే ఇక్కడా ఆడవాళ్లను అడిగినవాళ్లు లేరు.

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చే మనిషి సితీ బింతి సాద్. బానిస తల్లిదండ్రులకు పుట్టింది, కుండలు అమ్ముకుని బతికింది. సుల్తాన్ కొలువులో ఈజిప్టు బాణీలో అరబ్బీలో పాడే తారబ్ సంగీతాన్ని ఆమె స్వాహిలీలోకి తెచ్చింది. ఊద్ అనే తంత్రీ వాద్యం, వయొలిన్ అవే, పాటల్లో మాత్రం పేటల సంగతులు, కోర్టు కేసులు, డబ్బున్నవాళ్ల ఆగడాలు. 1928లో ఆమె బృందం ఓడెక్కి బొంబాయి వచ్చి గ్రామఫోన్ రికార్డులు ఇచ్చింది. అరబ్బు వాద్యం, ఆఫ్రికా గొంతు, బొంబాయి స్టూడియో. ఎవరి తండ్రి ఎవరన్న లెక్కతో పని లేకుండా జరిగిన కలయిక ఇది.

హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా డప్పుల సంగీతం కూడా ఆ కోవలోదే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల బాణీ, ఏసీ (ఆఫ్రికన్ కావల్రీ) గార్డ్స్‌లోని ఆఫ్రికా సంతతి సిద్దీల చేతి పనితనం. ఆ ఆఫ్రికన్ గుర్రపు దళానికి మూలం వనపర్తి సంస్థానంలో ఉంది. హైదరాబాద్ బార్కస్ పేటలో స్థిరపడ్డ హద్రమీలు కూడా చాలావరకు ఇక్కడి స్త్రీలనే పెళ్లాడారు. పేర్లు మాత్రం తండ్రుల వైపువే మిగిలాయి.

1970లో ఒమన్‌లో గద్దెనెక్కిన సుల్తాన్ కబూస్ విదేశాల్లోని ఒమనీలను వెనక్కి పిలిచాడు. జాంజిబార్ నుంచి చెదిరిపోయినవాళ్లు వేలల్లో వెళ్లారు. ఇంగ్లిష్ చదువు ఉండటంతో మంచి ఉద్యోగాలు దొరికాయి. మస్కట్‌లో ఇవాళ్టికీ స్వాహిలీ వినిపిస్తుంది, సాయంత్రం రోడ్డు పక్కన మిష్కాక్, అంటే పుల్లకు గుచ్చిన మాంసం, కాలుతూ ఉంటుంది. పాస్‌పోర్టు తండ్రి వంశాన్ని చూసి ఇచ్చారు. పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కఫాఅ, అంటే వంశాల సరిజోడు, చూడాలంటారు. అప్పుడు నాయనమ్మ ఏ ఊరిదో, ఆమెను పెళ్లి చేసుకున్నారో కొన్నారో ఆరా మొదలవుతుంది.