14 గోల్స్ తిన్నారు సరే, ఎప్పుడు తిన్నారో చూశారా?

వారం నుంచి అనంతపురంలో మా కాలేజీలో చదివినవాళ్ళ ఫోన్లన్నిటిలో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కాలేజీ పేరు ఇక్కడ రాయను, తెలిసినవాళ్ళకు ఎట్లాగూ తెలుసు. మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇది: "మన ఫుట్‌బాల్ జట్టు ఏడు మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది. 14 గోల్స్ తిని లీగ్‌లో అట్టడుగున నిలిచింది. గోల్‌కీపర్‌కు బంతి పట్టడమే రాదు. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ పిరికితనంతో అందరినీ వెనక్కి నిలబెట్టాడు. ఓడీ (ఆన్ డ్యూటీ హాజరు) పేరు చెప్పి పిల్లలు క్లాసులు ఎగ్గొట్టారు. ఈ ఎండల జిల్లాకు ఫుట్‌బాల్ ఎందుకు? 1950లో బూట్లు లేక వరల్డ్ కప్‌కే పోలేని దేశం మనది. జట్టును రద్దు చేసి ఆ డబ్బు క్రికెట్‌కు ఇవ్వాలి." కింద 'ఒక పూర్వ విద్యార్థి ఆవేదన' అని సంతకం.

అన్నా, నువ్వెవరో నాకు తెలియదు. నేనూ పూర్వ విద్యార్థినే, ఒకప్పుడు అదే జట్టులో రైట్ బ్యాక్, అంటే కుడి వైపు డిఫెండర్‌గా ఆడినవాణ్ణి. ఈ సీజన్ మ్యాచ్‌లు గట్టు మీద కూర్చుని చూశాను. నువ్వు చూడలేదని మాత్రం నీ రాతలోనే తెలిసిపోతోంది, ఎందుకంటే పాయింట్ల పట్టిక చూసినవాడు రాసే తప్పులు వేరు, మ్యాచ్ చూసినవాడు రాసే తప్పులు వేరు.

ముందు అట్టడుగు సంగతి. ఎనిమిది కాలేజీల లీగ్‌లో మనది ఆరో స్థానం. గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి చొప్పున ఒక గెలుపు, రెండు డ్రాలకు ఐదు పాయింట్లు. మన కింద ఇంకా రెండు జట్లున్నాయి. ఆరో స్థానం గొప్పదని నేను అనను, కానీ ఎనిమిదో స్థానం అని రాస్తే అది అబద్ధం, అంతే. ఆ రెండు డ్రాల మాట నీ మెసేజ్‌లో ఎక్కడా లేదు కూడా.

ఇక 14 గోల్స్. అంకె నిజమే, నేను కాదనను. మొదటి మ్యాచ్‌లో మూడు, రెండో మ్యాచ్‌లో ఏడు, మూడోదాంట్లో రెండు, మొత్తం 12. మిగిలిన నాలుగు మ్యాచ్‌లూ కలిపి తిన్నది రెండే గోల్స్! 0-0, 1-1, 2-0, 0-1, ఇవీ ఆ నాలుగు స్కోర్లు. అన్నీ ఒకే సంచిలో వేసి '14' అని పైన రాసి పంపితే చదివినవాడికి ప్రతి మ్యాచ్‌లోనూ రెండేసి గోల్స్ తిన్న జట్టు కనిపిస్తుంది. అట్లాంటి జట్టు ఈ సీజన్‌లో ఒక్క రోజు కూడా గ్రౌండ్‌లోకి దిగలేదు. దిగినవి రెండు వేరువేరు జట్లు, మూడో మ్యాచ్ దాకా ఒకటి, నాలుగో మ్యాచ్ నుంచి ఇంకొకటి.

ఆ ఏడు గోల్స్ మ్యాచ్ ఏమిటో కూడా చెప్తాను, ఎందుకంటే కీపర్ మీద వేసిన నింద అంతా అక్కడి నుంచే పుట్టింది. ఆట మొదలైన ఇరవై నిమిషాలకు, అప్పటికి 0-1, కార్నర్ నుంచి వచ్చిన బంతిని పిడికిలితో కొట్టబోయి మన కీపర్ ఉంగరం వేలు పక్కకు తిరిగిపోయింది. ఆ రోజు రెండో కీపర్‌కు ల్యాబ్ ఎగ్జామ్, రానే లేదు. మిడ్‌ఫీల్డ్‌లో ఆడే కుర్రాడు ఒకడు తనకు పెద్దవైన గ్లౌజులు తొడుక్కుని గోల్‌లో నిలబడ్డాడు. హాఫ్ టైంకు ముందే డిఫెండర్ ఒకడు గోల్‌లోకి పోతున్న బంతిని గీత మీద చేత్తో ఆపాడు. దానికి రెడ్ కార్డు, పెనాల్టీ రెండూ పడతాయి, పడ్డాయి. మిగతా ఆటంతా పది మందితో, అందులోనూ గోల్‌లో కీపర్ కానివాడితో ఆడారు. 0-7 రాకుండా ఇంకేం వస్తుంది సామీ!

ఇప్పుడు కీపర్ లెక్క విడిగా చూడు. 14లో అతను గోల్‌లో ఉండగా పడినవి ఆరు. ఆ ఆరులో రెండు పెనాల్టీలు. పెనాల్టీ అంటే పదకొండు మీటర్ల దూరం నుంచి కొట్టే బంతి, కాపాడాల్సిన గోల్ 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. బంతి గీత దాటడానికి అర సెకను పట్టదు. జీతాలు తీసుకుని ఆడే పెద్ద పెద్ద కీపర్లకే నాలుగింట మూడు లోపలికి పోతాయి. మిగతా ఎనిమిది గోల్స్ అతను బయట ఉన్నప్పుడు పడ్డాయి, రెండో మ్యాచ్‌లో ఆరు, మూడో మ్యాచ్‌లో రెండు. ఈ లెక్క చూస్తే మనకు కీపర్ లేకపోతే ఏమవుతుందో తెలుస్తుంది గానీ, కీపర్ వల్ల ఏమైందో తెలియదు.

నాలుగో మ్యాచ్‌కు అతను తిరిగొచ్చాడు. మధ్య వేలు, ఉంగరం వేలు కలిపి తెల్ల టేపు చుట్టి, దాని మీద గ్లౌజు. హాఫ్ టైంలో గ్లౌజు తీస్తే టేపు చెమటకు తడిసి జారిపోయి ఉంది, పక్కనున్నవాడు కొత్త టేపును పళ్ళతో కొరికి చుట్టాడు. మన గ్రౌండ్ సంగతి నీకు గుర్తుందో లేదో, గోల్ ముందర గడ్డి ఉండదు, ఎర్రమట్టి, అందులో సన్న గులకరాళ్ళు. ఒకసారి పక్కకు దూకితే మోచేయి, తుంటి చెక్కుకుపోతాయి. ఆ మట్టిలో బంతి ఎగిరే తీరు కూడా తిన్నగా ఉండదు, గులకరాయి తగిలితే చివరి క్షణంలో పక్కకు తిరుగుతుంది. 'పట్టడం రాదు' అని ఏసీ గదిలో కూర్చుని టైప్ చేసేవాళ్ళు సాయంత్రం నాలుగింటికి ఒకసారి వచ్చి ఆ మట్టిలో దూకి చూడాలి. ఆ మ్యాచ్ లీగ్ గెలిచిన జట్టుతో. స్కోరు 0-0.

పీడీ సార్ పిరికితనం అన్నావు. మూడో మ్యాచ్ తర్వాత ఆయన చేసిన పని ఇది: రెండు పక్కల ముందుకు పరుగెత్తే వింగర్లిద్దరినీ వెనక్కి లాగి, డిఫెన్స్ వరసకు, మిడ్‌ఫీల్డ్ వరసకు మధ్య ఖాళీ లేకుండా నిలబెట్టాడు. అంతకు ముందు పడిన గోల్స్‌లో ఎక్కువ భాగం ఆ ఖాళీలోంచే వచ్చాయి. పద్ధతి మార్చాక నాలుగు మ్యాచ్‌ల్లో రెండు గోల్సే పడ్డాయని పైన చెప్పాను కదా. దీన్ని పిరికితనం అంటే 2004లో గ్రీస్ యూరో కప్ గెలిచింది కూడా పిరికితనంతోనే అనాలి. క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద, సెమీస్‌లో చెక్ మీద, ఫైనల్లో పోర్చుగల్ మీద, మూడింటిలోనూ 1-0. కప్పు మాత్రం ఇంటికి తీసుకుపోయారు.

అయితే ఒక చోట నీ మాటలో సగం నిజముంది. చివరి మ్యాచ్‌లో డెబ్బయ్యో నిమిషంలో గోల్ పడ్డాక కూడా సార్ అదే పద్ధతి పట్టుకుని కూర్చున్నాడు. పోయేదేమీ లేనప్పుడు ఇంకో స్ట్రైకర్‌ను దింపాల్సింది. గట్టు మీద మేమంతా అరిచాం కూడా. సీజన్ మొత్తంలో కొట్టినవి ఐదు గోల్సే అంటే ముందు వరస మీద పని చేయాలన్నది నిజం. విమర్శించాలంటే దాన్ని విమర్శించు, ఎవరూ కాదనరు. కీపర్‌ను ఎందుకు పట్టుకుంటావు?

ఓడీ గొడవ చిన్నది. మ్యాచ్‌లన్నీ సాయంత్రం పూటవి, మధ్యాహ్నం రెండు పీరియడ్లు పోతాయి, అది మ్యాచ్ ఉన్న రోజే. పైగా ల్యాబ్ ఎగ్జామ్ ఉందని మ్యాచ్ వదులుకున్న రెండో కీపర్ కథ ఇప్పుడే చెప్పాను. క్లాసులు ఎగ్గొట్టే పిల్లలైతే ఆ రోజు మనకు 0-7 వచ్చేది కాదేమో!

ఎండల జిల్లా అన్నది వింటే నవ్వొస్తుంది. లీగ్ దసరా సెలవులు అయ్యాక మొదలై క్రిస్మస్‌కు ముందు అయిపోయింది. మే నెలలో ఎవరాడారు? ఎండ మరీ ఎక్కువైతే మధ్యలో నీళ్ళకు ఆట ఆపుకోవచ్చని ఫుట్‌బాల్ నియమాల్లోనే ఉంది. ఇక ఈ జిల్లాకు ఫుట్‌బాల్ ఎందుకంటావా, మన ఊళ్ళోనే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్‌కు ఒక సాయంత్రం వెళ్ళి చూడు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు నేల మీద మొదలుపెట్టిన సంస్థ అది. అక్కడ పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు కూడా బూట్లు వేసుకుని ఫుట్‌బాల్ ఆడతారు. స్పెయిన్‌లోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ లా లిగా వాళ్ళు ఇక్కడి ఫుట్‌బాల్‌కు చేయూతనిచ్చారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట గ్రౌండ్లో పచ్చ గడ్డి పెంచి పిల్లలతో ఆడిస్తున్నారు, నువ్వేమో ఈ నేలకు ఆట పనికిరాదంటావు.

1950 కథ మన మెసేజ్‌ల్లో చావదు. ఆ ఏడాది బ్రెజిల్‌లో జరిగిన వరల్డ్ కప్‌కు మన దేశానికి చోటు దక్కింది, స్వీడన్, ఇటలీ, పరాగ్వే ఉన్న గ్రూపులో పేరు కూడా పడింది. వెళ్ళకూడదన్నది మన ఫెడరేషన్ నిర్ణయం. దూర ప్రయాణం, వరల్డ్ కప్ కంటే ఒలింపిక్స్‌నే పెద్దదిగా చూడటం, ఇట్లాంటివి కారణాలు. అప్పటి మన ఆటగాడు శైలేన్ మన్నా కూడా తర్వాత బూట్ల మాట వట్టి సాకేనని చెప్పాడు. అంతకు రెండేళ్ళ ముందు 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతోనే ఫ్రాన్స్‌తో ఆడి, రెండు పెనాల్టీలు వదులుకుని కూడా 1-2తోనే ఓడారు. ఆ తర్వాత కథ మన తెలుగువాళ్ళకు ఇంకా బాగా తెలియాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది. 1965-66లో రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచిన రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్. బూట్లు లేని దేశమట!

చివరగా, ఆ డబ్బు క్రికెట్‌కు ఇవ్వాలన్న సలహా. ఏ డబ్బు అన్నా? బూట్లు పిల్లలు సొంత డబ్బుతో కొనుక్కుంటారు. కాలేజీ ఇచ్చేది జెర్సీలు, రెండు బంతులు, గీతలు గీయడానికి ముగ్గుపిండి, బస్సు చార్జీలు. వీటన్నిటినీ మిగిల్చి క్రికెట్ వాళ్ళకిస్తే ప్యాడ్లూ, మంచి బ్యాట్లూ ఎన్ని వస్తాయో నువ్వే లెక్క వేసుకో. ఇంకో సంగతి, మన క్రికెట్ జట్టు కెప్టెనూ, ఫుట్‌బాల్ జట్టు లెఫ్ట్ బ్యాకూ ఒకే కుర్రాడు. నీ మెసేజ్ నాకు పంపింది అతనే. కింద ఒక ముక్క కూడా రాశాడు: "అన్నా, మాకు డబ్బులొద్దు, ఆ గ్రౌండ్‌లో రాళ్ళు ఏరించమను, క్రికెట్‌కూ పనికొస్తుంది."