చెంబు చేసిన తప్పేంటి?

సద్దుల బతుకమ్మ నాడు స్కూల్ కేఫెటేరియాలో జరిగింది మీలో సగం మంది చూశారు, మిగతా సగం వాట్సాప్ గ్రూపులో చదివారు. మన సంఘం కార్యవర్గం (ఈసీ) తర్వాతి మీటింగ్‌లో ఒక తీర్మానం కూడా అయింది. ఉగాది నుంచి డెజర్ట్ కౌంటర్‌కు బిస్కట్ పొడి కావాలంటే షాపులో దొరికే డబ్బా పొడే వాడాలట. ఎవరూ చేత్తో నలిపి తేకూడదట. ఆ తీర్మానానికి కారణం మా అత్తమ్మ కాబట్టి నేను రాయక తప్పట్లేదు.

ఆ రోజు పిల్లలకు ‘డర్ట్ కప్స్’ చేయాలనుకున్నారు. అంటే చాక్లెట్ పుడ్డింగ్, పైన మట్టిలా కనిపించే ఓరియో పొడి, అందులోంచి తొంగిచూసే గమ్మీ పురుగులు. మొత్తం 200 కప్పులు. “బతుకమ్మ నాడు మట్టిల పురుగులేందే?” అని అత్తమ్మ కాసేపు నవ్వింది. యూత్ టీమ్ పిల్లలు ఫుడ్ ప్రాసెసర్ తెచ్చారు. రెండు విడతలు బాగానే తిరిగింది. మూడోసారికి గిన్నె వేడెక్కి, బిస్కట్ల మధ్య క్రీమ్ కరిగి, పొడి కాస్తా నల్లటి ముద్దయిపోయింది. స్పూన్‌తో గీకితే బ్లేడు కింద తారులా సాగింది. బయట పాటలు మొదలయ్యాయి, ఇంకా 120 కప్పులు బోడిగా ఉన్నాయి. అందరికీ టెన్షన్.

అత్తమ్మ అప్పటిదాకా మలీద ముద్దల పళ్లెం దగ్గర కూర్చుని ఉంది. “గిదేం కష్టం బిడ్డా” అంటూ లేచి, జిప్ బ్యాగులో పది ఓరియోలు వేసింది. అరచేత్తో గాలంతా నొక్కేసి, మూలన వేలు పట్టేంత సందు వదిలి మూసింది. చేతికందింది పూజ దగ్గరి రాగి చెంబు. దాన్ని బ్యాగు మీద ఎత్తి కొట్టలేదు. ముందు అడుగుతో ఒక్కో బిస్కట్‌నూ టక్కుమని విరగ్గొట్టి, తర్వాత చెంబును అడ్డంగా పడుకోబెట్టి దొర్లించింది. రెండు నిమిషాలు పట్టిందేమో. సగం బొంబాయి రవ్వలా, సగం చిన్న చిన్న పలుకుల్లా వచ్చింది. అచ్చం తోట మట్టి. చుట్టూ నలుగురు పిల్లలు చేరి “నాకివ్వు నాకివ్వు” అంటున్నారు.

అప్పుడే ఫుడ్ కమిటీ నుంచి ఒకరు వచ్చారు. “ఆంటీ, ప్లీజ్, ఇది హైజీన్ కాదు. మీరెళ్లి కూర్చోండి” అని బ్యాగు చేతిలోంచి తీసుకుని చెత్త డబ్బాలో పడేశారు. నేను అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు. ఇంటికొచ్చేటప్పుడు కారులో అత్తమ్మ అడిగింది, “తప్పు జేసిన్నా బిడ్డా?”

కమిటీ వైపు న్యాయం లేదని అనను. ఆ చెంబుకు కుంకుమ బొట్టుంది, అది టేబుల్‌కీ అంటింది. అత్తమ్మ చేతులకు గ్లవ్స్ లేవు. ఉప్పు సరిపోయిందో లేదో అరచేతిలో వేసుకుని నాలుకతో చూడటం ఆవిడకు అలవాటు, ఎన్నిసార్లు చెప్పినా మానదు. నట్ ఎలర్జీ ఉన్న పిల్లలు మన సంఘంలోనే ఉన్నారు. డబ్బా మీద లేబుల్ ఉంటుంది, అత్తమ్మ మీద ఉండదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. మన పద్ధతులన్నీ గొప్పవని జెండా పట్టుకునే మనిషిని కూడా కాను.

కానీ ఆ పొడి ఉన్నది మూసిన బ్యాగులో. కుంకుమ అంటింది బయట. తుడిస్తే పోయేది.

డబ్బా పొడి సంగతీ చూద్దాం. అందులో ఎక్కువగా దొరికేది గ్రాహం క్రాకర్ అనే గోధుమ బిస్కట్ పొడి. ఆ పేరు 1830లలో మైదా, మసాలాలు మానేసి చప్పిడి తిండి తినమని ప్రచారం చేసిన సిల్వెస్టర్ గ్రాహం అనే పాస్టర్‌ది. ఇప్పుడు దానికి చక్కెర, వెన్న పట్టించి చీజ్‌కేక్ కింద పరుస్తున్నారు, అది వేరే కథ. తొమ్మిదంగుళాల పాన్‌కు ఒకటిన్నర కప్పు పొడి, ఆరు టేబుల్ స్పూన్ల కరిగించిన వెన్న కలిపి, స్టీలు గ్లాసు అడుగుతో అదిమితే చక్కగా కూర్చుంటుంది. ఆ పనికి డబ్బా పొడి బాగానే పనికొస్తుంది. పుడ్డింగ్ మీద చల్లితే మాత్రం సున్నిపిండి చల్లినట్టే, పంటికి ఏమీ తగలదు.

ప్రాసెసర్‌ను కూడా తీసిపారేయను. ఓరియోలను పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, ఆపి ఆపి తిప్పితే ఆ రోజు అంత ముద్దయ్యేది కాదు. ఇంట్లో పది కప్పులకైతే మాత్రం ఆ గిన్నె కడిగే ఓపిక నాకు లేదు, బ్యాగూ చపాతీ కర్రా చాలు. మారీ బిస్కట్లయితే గిన్నెలోనే పప్పుగుత్తితో నలిగిపోతాయి. ఉస్మానియాకు అదీ అక్కర్లేదు, వేళ్ల మధ్యే రాలిపోతుంది. వెన్న కూడా కాస్త తగ్గించుకోవచ్చు, ఆ ఉప్పు ఉప్పటి రుచి చీజ్‌కేక్ అడుగున ఎంత బాగుంటుందో తిన్నవాళ్లకే తెలుసు.

ఇంకో మాట. అదే రోజు, అదే హాల్లో, అత్తమ్మ మలీద ముద్దల్ని మనమంతా వరసలో నిలబడి తిన్నాం. రొట్టెలు వేడి వేడిగా ఉన్నప్పుడే చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కట్టింది. ఆ చేత్తోనే. గ్లవ్స్ లేకుండానే. అప్పుడు ఎవరికీ హైజీన్ గుర్తు రాలేదు, ఎందుకంటే అది ప్రసాదం. రొట్టె నలిపిన చేయి ఓరియో నలిపితే ఏమైందో కమిటీ వారే చెప్పాలి.

నేనడిగేది పెద్దదేం కాదు. ఉగాదికి ఒక టేబుల్ ఇవ్వండి. కొత్త జిప్ బ్యాగులు, గ్లవ్స్, కడిగిన చపాతీ కర్రలు పెడదాం, బిస్కట్ పాకెట్ లేబుల్ కత్తిరించి ముందే అతికిద్దాం. విజిటర్ వీసా మీద వచ్చి, మన ఈవెంట్లలో ఫోల్డింగ్ కుర్చీల్లో నాలుగు గంటలు ఊరికే కూర్చునే అమ్మలనూ అత్తమ్మలనూ అక్కడికి పిలుద్దాం. పిల్లలను పిలవక్కర్లేదు, శబ్దం వింటే వాళ్లే వస్తారు.

అత్తమ్మ డిసెంబర్‌లో జగిత్యాల వెళ్లిపోయింది. చెంబు నా దగ్గరే ఉంది. సైనప్ షీట్‌లో డెజర్ట్ వరస కింద “ఓరియో పొడి, ఆరు బ్యాగులు, ఇంట్లో నలిపినది” అని నా పేరు రాశాను. కొట్టేయాలనుకుంటే కొట్టేయండి.